తిరుగుడు

మా మేనత్త జయమణి డ్యూటీలో ఉన్న బస్సులో ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడరు. "లోపలికి జరుగు నాయనా, నువ్వు పడితే హాయిగా పడుకుంటావ్, ఆఫీసుల చుట్టూ తిరగలేక నేను చావాలి" అంటుంది. ఆ మాటకి నవ్వుతూనే జరుగుతారు. జగ్గయ్యపేటలో ఎక్కి చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ, మళ్ళీ అదే దారిన వెనక్కి. ఇన్నేళ్ళుగా ఆమె జీవితం ఆ రోడ్డు. ఏ మలుపు దగ్గర బస్సు ఎటు ఊగుతుందో ఆమె కాళ్ళకి తెలుసు. కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొడుతుంది.

నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. కాలేజీ మానేశాను. నాన్న అప్పటికే లేడు. అమ్మ కూడా పోయాక అత్త వచ్చి నా బట్టల సంచి తన భుజానికి తగిలించుకుని, "పద, నాకూ ఇంట్లో మనిషి కావాలి" అని జగ్గయ్యపేట తీసుకొచ్చింది. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడతాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. అత్త మాట్లాడుతుంది, నేను చూస్తుంటాను.

అత్తకి ఒక అన్న ఉన్నాడు, నందిగామలో బడి పంతులు, మా పెదనాన్న రత్నబాబు. ఆయన కూతురు జాయిసక్క. చిన్నప్పుడు సెలవు రోజుల్లో జాయిసక్క అత్త బస్సెక్కి కండక్టరు సీట్లో కూర్చుని జగ్గయ్యపేట వచ్చేది, అదే బస్సులో తిరిగి వెళ్ళేది. మొహం కిటికీ ఊచలకి ఆనించి ఉండేదట, బుగ్గ మీద గీతలు పడేదాకా. చిల్లకల్లులో బస్సాగినప్పుడల్లా పక్కకి పోయే రోడ్డు చూపించి అడిగేదట.

"అటు పోతే ఏముంటుందత్తా?"

"వేదాద్రి. కృష్ణానది ఉంటది."

"చూద్దామా?"

"మన బస్సు అటు పోదు తల్లీ. ఇంకోసారి వెళ్దాంలే."

ఆ ఇంకోసారి రాలేదు. జాయిసక్క పెద్దదయింది, బాగా చదివింది, ఎమ్మెస్సీకి ఐర్లండ్ వెళ్ళింది.

అక్కడి కాలేజీవాళ్ళు బయటి దేశాల పిల్లల కోసం శనివారాలు బస్సు వేసి చుట్టుపక్కల ఊళ్ళు చూపిస్తారు. జాయిసక్క ఒక్కటీ వదలకుండా వెళ్ళేది. ఫోటోలు పంపేది. ఫోటోల వెనకే వాయిస్ మెసేజీలు వచ్చేవి, వెనక గాలి హోరు, మధ్యలో అక్క గొంతు.

"అత్తా, ఈ కోట చూడు. పైకప్పు లేదు. ఎన్ని వందల ఏళ్ళ నుంచో అలాగే ఉంచారంట. మన దగ్గరైతే ఈపాటికి రాళ్ళన్నీ ఎత్తుకుపోయి ఇళ్ళకి పునాదులేసేవాళ్ళు."

ఇంకోసారి కొండ మీద గొర్రెల ఫోటో. "వాటి వీపు మీద నీలం రంగు చూశావా? ఎవరి గొర్రె ఎవరిదో తెలియడానికి పూస్తారంటత్తా."

"మా బస్సులో సంచులక్కూడా పూస్తే బాగుండు, రోజూ ఒక కొట్లాట తప్పుద్ది" అని అత్త జవాబు పంపేది. తర్వాత తనకి కావలసిన సంగతి అడిగేది. "ఆ బస్సులో కండక్టరు ఆడామెనా, మగాయనా?"

"కండక్టరే లేరత్తా. డ్రైవరే దిగేముందు మా తలలు లెక్కపెడతాడు, ఎక్కాక మళ్ళీ లెక్కపెడతాడు."

"తేడా వస్తే?"

"వచ్చేదాకా బస్సు కదలదు."

"మంచి డ్రైవరే" అనేది అత్త.

ఆ ఫోటోలు అత్త వాట్సాప్ స్టేటస్‌లో నేనే పెట్టేదాన్ని. రోజూ ఆ బస్సులో వెళ్ళే ఉద్యోగులందరి దగ్గరా అత్త నంబరు ఉంటుంది. పొద్దున్నే "అమ్మా, ఎక్కడున్నారు, వచ్చేశారా?" అని ఫోన్లు చేస్తారు. అలా వాళ్ళందరూ జాయిసక్క ఫోటోలు చూసేవాళ్ళు. వాళ్ళలో చూడామణి గారు ఒకరు. ఆవిడ నందిగామలో ఒక ఆఫీసులో పనిచేస్తారు. జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటారు.

ఒకరోజు లైనింగు గుడ్డ కోసం నేనూ నందిగామ వెళ్తున్నాను. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక పొద్దుటి బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. అత్త జీరో టికెట్లు కొడుతూ వెనక్కి పోయింది. చూడామణి గారు ముందు నుంచి, జనం తలల మీదుగా, గొంతెత్తి పిలిచారు.

"కండక్టరు గారూ! మీ మేనకోడలు బాగా తిరుగుతోందండీ!"

వెనక సీట్లలోంచి ఎవడో, "ఎవరితోనంట?" అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు.

అత్త చెయ్యి టికెట్ మిషన్ మీద ఆగింది. అన్నవాడెవడో చూడటానికి తల కూడా తిప్పలేదు. "టికెట్, టికెట్" అంటూ ముందుకొచ్చింది. చూడామణి గారి పక్క నుంచి వచ్చినా ఆవిడ మొహం చూడలేదు.

ఆ మాట అత్తకి ఎందుకు అంత గుచ్చుకుందో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకొక సంబంధం కుదిరింది. పాస్టరు గారితో ప్రార్థన పెట్టించుకుని మాటలు కూడా అయిపోయాయి. తర్వాత అబ్బాయి తల్లి కబురు పంపింది, "బస్సుల్లో తిరిగే పిల్ల మాకొద్దు" అని. 'బస్సులో పనిచేసే' అనలేదు, 'తిరిగే' అంది. సంబంధం పోయినందుకు అత్త ఏడవలేదట. ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉందని ఒకసారి బియ్యం చెరుగుతూ నాతో చెప్పింది.

అదే మాట ఆ సాయంత్రం ఆమె నోట్లోంచే వచ్చింది. ఖాకీ కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏవే, నిన్ను పంపింది చదువుకోడానికా తిరగడానికా? వారం వారం ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నావ్. ఎవరితో తిరుగుతున్నావ్? ఇక్కడ నిండు బస్సులో నాకు తల కొట్టేసినట్టయింది."

నేను కుట్టు మిషన్ తొక్కడం ఆపాను. అత్త నా వైపు చూసింది. "నీకేం తెలీదు, నువ్వు కుట్టుకో" అంది.

జాయిసక్క నుంచి ఒక్క ముక్క వచ్చింది. "సరే అత్తా."

తర్వాత కూడా ఫోటోలు వచ్చాయి, అందుకే ఏం జరిగిందో మాకు వెంటనే అర్థం కాలేదు. చదువుకునే బల్ల, దాని మీద దీపం. పప్పన్నం గిన్నె. గది కిటికీ, దాని మీద వాన చుక్కలు. వాయిస్ మెసేజీలు లేవు. గాలి హోరు లేదు. అత్త మొదట్లో, "చూశావా, చెప్తే వింటది పిల్ల" అంది. రెండు మూడు వారాలు గడిచాక ఆ కిటికీ ఫోటోనే వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. కిటికీ అవతల ఏదో గోడ ఉంది, అంతే.

ఆ ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి చూడామణి గారు జాకెట్ గుడ్డలు పట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు. కొలత జాకెట్ నా చేతికిస్తూ అత్తని అడిగారు.

"ఏంటండీ, మీ అమ్మాయి ఫోటోలు పెట్టడం మానేశారు? పరీక్షలా?"

"ఆఁ... చదువుకుంటోంది" అంది అత్త.

"మా అమ్మాయి లాస్య నన్ను చంపుతోందండీ, ఆ అక్క ఈ వారం ఎక్కడికెళ్ళింది, చూపించు అని. దానికి విజయవాడ ఒక్కతే వెళ్ళాలంటేనే వణుకు. చూడవే, మన నందిగామ పిల్ల, ఒక్కతే దేశంకాని దేశంలో ఎంత ధైర్యంగా తిరుగుతోందో, నువ్వూ చదువుకుంటే అలా తిరుగుదువుగాని అని చెప్తున్నా. ఆ ఫోటోలు చూపించి దాన్ని పుస్తకం ముందు కూర్చోబెడుతున్నా."

అత్త మంచినీళ్ళ గ్లాసు ఇవ్వబోతూ ఆగింది. "ఆ రోజు బస్సులో మీరు... తిరుగుతోంది అన్నారు గదండీ..."

"అన్నానుగా! నేనీ వయసుకి అరకు కూడా చూడలా. కుళ్ళుగా ఉందండీ నాకు, నిజంగా."

"వెనక నవ్వారు."

"ఎవరు? నాకు వినపడలేదే. ఆ బస్సులో ఏం వినపడి చచ్చింది?" అని ఆవిడ నీళ్ళు తాగి, "చేతులు కొంచెం పొడుగు పెట్టమ్మా" అని నాకు చెప్పి వెళ్ళిపోయారు.

అత్త ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి, "ఫోన్ చెయ్యి దానికి. నేనున్నానని చెప్పకు" అంది. స్పీకరు పెట్టి చేశాను. అత్త తలుపు పక్కన నేల మీద కూర్చుంది.

"ఏంటే, ఇవ్వాళ నువ్వు చేశావ్?" అంది జాయిసక్క.

"ఊరికే అక్కా. నిన్న శనివారం గదా, ఎక్కడికీ వెళ్ళలేదా?"

"బస్సు వెళ్ళింది. నేను వెళ్ళలా. సముద్రం మీదికి నిలువుగా కోసినట్టుండే కొండలుంటాయే ఇక్కడ, నేను వచ్చిన దగ్గర్నుంచీ వాటి కోసమే చూస్తున్నా. ఈ ఏడాదికి ఆ ఒక్కసారే. ముందే పేరిచ్చాను. అత్త మెసేజ్ విన్నాక తీయించేశా. నా సీటు ఇంకో అమ్మాయికిచ్చారు."

"అత్త మీద కోపమా?"

"కోపం కాదే. బట్టలేసుకుని తయారవుతుంటే అత్త గొంతు వినపడుద్ది. ఎవరితో అని. ఎవరితో వెళ్తానే, గది తాళం వేసుకుని ఒక్కదాన్నే పోయి ఎక్కేదాన్ని." నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగింది. "సర్లే, అత్తకి చెప్పకు."

ఫోన్ పెట్టేశాక అత్త వైపు చూడాలంటే నాకు భయం వేసింది. ఆమె నేల మీద వేలితో ఏదో గీస్తోంది.

"సీటు ఇంకొకళ్ళకిచ్చారంట" అంది చివరికి.

"నువ్వే మాట్లాడు అత్తా."

"నువ్వు చెప్పవే. మళ్ళీ వెళ్ళమను. నేనేమీ అనుకోనని చెప్పు."

"నువ్వన్న మాట నేనెట్లా తీస్తానత్తా?"

నేను ఆమెకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆమె తిట్టలేదు.

ఆ తర్వాత రోజుల్లో అత్త వేరే మనిషైపోయింది. ఫోన్ తీసి, నోటి దగ్గర పెట్టుకుని, "జాయిసూ" అని, తుడిపేసేది. చివరికి "తిన్నావా" అని రాసి పంపేది. "తిన్నా అత్తా" అని వచ్చేది. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్ళని కూడా ఆమె ఏమీ అనడం లేదని, ఒంట్లో బాగాలేదా అని చూడామణి గారు నన్నడిగారు. చర్చిలో కుటుంబం కోసం ప్రార్థన చెప్పమంటే అందరి పేర్లూ చెప్పింది, జాయిసక్క పేరు దగ్గర ఆగిపోయింది. ఎవరో "ఆమేన్" అని అందుకున్నారు.

రత్నబాబు పెదనాన్న ఒకసారి వచ్చాడు. "పిల్ల సెలవు రోజుల్లో కూడా గదిలోనే ఉంటోందమ్మా. మొదట్లో అంత హుషారుగా ఉండేది. దిగులు పెట్టుకుందేమో. నీ దగ్గర చనువెక్కువ గదా, అడిగి చూడు" అన్నాడు. అత్త "అడుగుతా అన్నయ్యా" అంది. ఆయన వెళ్ళాక అన్నం ముందు కూర్చుని కలిపింది, తినలేదు.

"ఆ పెళ్ళివాళ్ళు నన్నన్నప్పుడు నాకు ఉద్యోగమైనా ఉంది. పొద్దున్నే లేచి బస్సెక్కాలి గదా, అందుకని బయటికొచ్చా. లేకపోతే నేనూ తలుపేసుకునేదాన్నే" అంది. నాతో అన్నట్టు లేదు.

ఆమె ఆఫ్ రోజున నేను మిషన్ దగ్గర కూర్చోబోతుంటే అత్త చీర మార్చుకుని వచ్చింది. "లే. వేదాద్రి వెళ్దాం."

"వేదాద్రా? ఎందుకు?"

"పద చెప్తా."

బస్టాండులో వేదాద్రి బస్సుకి కల్యాణ్ అనే కుర్ర కండక్టరు ఉన్నాడు. అత్తని చూసి నవ్వాడు. "ఏంటి మేడమ్, ఆఫ్ రోజు కూడా బస్సేనా? గుళ్ళో స్వామి దర్శనానికా? మీ పాస్టరు గారికి చెప్తానుండండి."

"చెప్పు. ఈసారి ఆయన్నీ వెంటబెట్టుకెళ్తా."

"నిజంగా ఎందుకు మేడమ్?"

అత్త కమ్మీ గట్టిగా పట్టుకుంది. "తిరగడానికి" అంది. అది చెప్పడానికి ఆమెకి ఎంత కష్టమైందో కల్యాణ్‌కి తెలియదు. "కానీండి, కానీండి" అని రెండు జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు.

సీట్లో కూర్చోవడం అత్తకి రాలేదు. ఎవరు ఎక్కినా లేవబోయేది. సంచి లేని భుజాన్ని చేత్తో తడుముకునేది. చిల్లకల్లు దగ్గర బస్సు పక్క రోడ్డుకి తిరిగింది. రోజూ తను ముందుకి పోయే చోట మలుపు తిరిగేసరికి అత్త ఒరిగి నా మీద పడింది. ఆ మలుపు ఆమె కాళ్ళకి తెలియదు.

గుడి వైపు వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. మేము మెట్లు దిగి నీళ్ళ దగ్గరికి పోయాం. మెట్ల మీద స్నానాలు చేసినవాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి. అవతలి ఒడ్డు లేత పొగలా ఉంది. అత్త చెప్పులు విడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది.

"ఇంతే దూరమా?" అంది. "నిద్ర పట్టేంత దూరం కూడా లేదు. ఆ పిల్ల అన్నిసార్లు అడిగింది. బస్సు పోదన్నా. ఈ బస్సు అప్పుడూ ఉంది."

తర్వాత ఫోన్ నాకిచ్చి ఫోటో తీయమంది. నవ్వమన్నాను, నవ్వడం రాలేదు. నీళ్ళు, కాళ్ళు, బిగించుకున్న మొహం. అదే పంపమంది. వాయిస్ మెసేజ్ తనే చెప్పింది.

"జాయిసూ, వేదాద్రి వచ్చా. నువ్వడిగేదానివే, అటు పోతే ఏముంటుందని. ఇదుగో, ఇది ఉంది. పనేమీ లేదు, తిరగడానికే వచ్చా. ఇక్కడ నీలం గొర్రెల్లేవు."

అక్కడ ఐర్లండ్‌లో అప్పటికి ఇంకా తెల్లవారలేదు. జవాబు రాలేదు. పులిహోర పొట్లం తిన్నాం. గాలి వీచినప్పుడల్లా అత్త ఫోన్ చూసుకుంది. మేము తిరుగు బస్సెక్కి కూర్చున్నాక అది మోగింది, జాయిసక్క వాయిస్ మెసేజ్. అత్త చెవి దగ్గర పెట్టుకుంది. నాకూ వినపడింది.

"ఎవరితో తిరుగుతున్నావత్తా?"

అంతే ఉంది. అత్త మళ్ళీ పెట్టుకుని విన్నది. రెండోసారి వింటే, మాట అయిపోయాక చివర్లో, నవ్వు ఆపుకోలేక ముక్కులోంచి వచ్చిన చప్పుడు ఉంది. దాని వెనకే ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా ఉంది. నవ్విందో ఏడ్చిందో తేల్చడానికి మూడోసారి కూడా విన్నాం.

అత్త ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. బస్సు హోరులో మాట్లాడటం అలవాటైన గొంతు. బస్సంతా వినపడింది.

"మీ చెల్లితో తిరుగుతున్నా. వినవే. నేనన్నది తప్పు. ఆ మాట నన్నన్నవాళ్ళని నేను ఇంతవరకు క్షమించలా. మళ్ళీ ఆ మాటే తీసుకెళ్ళి నిన్నన్నా. నువ్వు నన్ను క్షమించక్కర్లా. గదిలోంచి బయటికెళ్ళు, అంతే చాలు. శనివారం బస్సెక్కు."

ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగి చూసింది. కల్యాణ్ టికెట్ మిషన్ పట్టుకుని మా సీటు దాకా వచ్చి, మమ్మల్ని దాటుకుని వెనక్కి పోయాడు. వెళ్ళేటప్పుడు కొట్టినట్టు ఇప్పుడూ జీరో టికెట్లు కొట్టాలి. అడగకుండానే కొట్టి, దిగేటప్పుడు నా చేతిలో పెట్టాడు.

ఆ శనివారం ఏమీ రాలేదు. ఆ తర్వాతి శనివారం సాయంత్రం ఒక ఫోటో వచ్చింది. బస్సు కిటికీ, అద్దం మీద వాన, అవతల మసగ్గా ఏదో పచ్చగా. దాంతో పాటు గాలి హోరు వెనక అక్క గొంతు. "చిన్న ఊరేలే అత్తా. ఒక చెరువూ, పాత చర్చీ. డ్రైవరు నన్ను చూసి ఇన్నాళ్ళు లెక్క తక్కువొచ్చిందన్నాడు."

అత్త ఆ మెసేజ్ అందరికీ వినిపించింది, చూడామణి గారికి రెండుసార్లు. ఫోటో స్టేటస్ పెట్టమంది. "కింద ఏం రాయను?" అన్నాను. ఆలోచించి, "తిరుగుతోంది అని రాయి" అంది.

ఇప్పుడు జాయిసక్క మళ్ళీ మునుపటిలాగే మాట్లాడుతుంది. ఆ ఆదివారం ఫోన్లో అంతా తనూ విన్నానని అత్త చెప్పేసింది. బస్సులో ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడటం లేదు. కానీ శనివారం ఫోటోలు వచ్చినప్పుడు అత్త అన్నీ చూసి, గొర్రెల గురించి ఒక మాట అని, చివర్లో తప్పకుండా ఒకటి అడుగుతుంది. సీటు దొరక్క దిగిపోయిన ప్రయాణికుల గురించి డిపోలో వాకబు చేస్తున్నట్టు ఉంటుంది ఆమె గొంతు.

"ఆ సముద్రం కొండల సర్వీసు మళ్ళీ ఎప్పుడేస్తారంట?"

"ఈ ఏడాదికి లేదత్తా, చెప్పాగా. వచ్చే ఏడాదికి నా చదువైపోతుంది."

"ఊరికే, కనుక్కో తల్లీ" అంటుంది అత్త. "ఒక్కోసారి స్పెషల్ వేస్తారు."